సబ్‌స్టేషన్‌లో ఆ కుర్చీ

మా ఆయన నందిపేటలో లైన్‌మన్. ఆ వానకాలం గాలివానకు కరెంటు పోయింది, దాంతోపాటే సెల్ టవరూ పడుకుంది. టవర్ జనరేటర్‌లో డీజిల్ పోద్దామంటే బంకులో పంపు నడవదు, దానికీ కరెంటే కావాలి. తెగిన తీగ బాగుచేయాలన్నా ఫోనే దిక్కు. సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైను ఆపించాకే మా ఆయన స్తంభం ఎక్కుతాడు, దిగి మళ్లీ ఫోన్ చేస్తేనే అక్కడ స్విచ్ వేస్తారు. ఫోన్ లేని రోజున ఎవరైనా తొందరపడి వేశారా, పైనున్న మనిషి మాడిపోతాడు.

అందుకని తానే వెళ్లి లైను ఆపిస్తానని, తిరిగొచ్చేదాకా స్విచ్ దగ్గర ఇంటి మనిషినొకరిని కూర్చోబెడతానని అన్నాడు. నేను కొంగు దోపుకుని లేచాను. ఆయన నా వంక చూడనైనా లేదు. పక్కింట్లో ఉండే చెల్లెల్ని కేకేశాడు.

"చెల్లె, నా పాణం నీ చేతుల పెడుతున్న. నేనొచ్చి చెప్పేదాక ఎవ్వల్నీ ముట్టనియ్యకు."

నా ఒళ్లు భగ్గుమంది. తాళి నా మెడలో, ప్రాణం ఆమె చేతుల్లోనా!

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా వంక పెట్టుకుని సబ్‌స్టేషన్‌కు పోయాను. ఆడబిడ్డ స్విచ్‌ల ముందు కుర్చీలో సర్పంచిలా కూర్చుని ఉంది. "తిన్నవా వదినా?" అని నన్నే అడిగింది. ఆ మర్యాద ఇంకా మండించింది.

అంతలో డ్యూటీ మారింది. కొత్తగా వచ్చిన ఆపరేటర్ స్విచ్ మీదికి చెయ్యి చాచాడు. "దవాఖానోళ్లు మొత్తుకుంటున్నరక్కా. గింత సేపా? పని అయిపోయే ఉంటది, వేస్త."

నిజమే, ఇంతసేపు పట్టదే. ఆయనకేమైందో చూసొద్దామని గేటు దాకా ఉరికాను. వెనక్కి వచ్చాను. మనసాగక మళ్లీ ఉరికాను. ఆమె మాత్రం లేచి, స్విచ్‌కు అడ్డంగా నిలబడింది.

"మా అన్న వచ్చి నా ముందట నిలవడాలె. గప్పటిదాక చెయ్యి తియ్యి!"

ఆ మాట నేను అనాల్సింది.

సాయంత్రానికి మోకాళ్ల దాకా బురదతో ఆయన నడిచొచ్చాడు. ఎదురుగా ఉన్న నన్ను దాటి చెల్లెలి దగ్గరికే పోయాడు. "దిగిన చెల్లె. ఇగ వెయ్యమను." ఊరంతా వెలిగింది, పిల్లలు కేకలు పెట్టారు. నాకు ఆ వెలుగు చూడబుద్ధి కాలేదు.

ఇంటికొచ్చాక అడిగేశాను. "నేను నీ పెండ్లాన్ని గాదా? నన్నెందుకు కూసోబెట్టలె?"

"నువ్వైతే నాకేమైందోనని లేసి ఉరుకుతవ్. గా కుర్సీ ఖాళీ అయితే నేను సస్త," అన్నాడు అన్నం కలుపుకుంటూ.

నేను గేటు దాకా రెండుసార్లు ఉరికిన సంగతి ఆయనకు తెలియదు. ఆడబిడ్డ చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. అన్నిటికంటే నేను ఓర్వలేనిది అదే.