గడ్డిబండి మీద యెమెనీ

సౌదీలో తాయిఫ్ పక్కన కొండవాలులో ఉన్న ఆ తోటకు మేము వెళ్ళేసరికి కువైట్ యుద్ధం ముగిసి ఏడాది దాటింది. మా ఆయన తోటమాలి, నేను ఇంట్లో పనిమనిషిని. మాకు ముందు ఆ తోట చూసినవాడు ఒక యెమెనీ. ఆ యుద్ధపు గొడవలు మొదలైనప్పుడు యెమెన్ వాళ్ళు చాలామంది దేశం వదలాల్సి వచ్చింది. అతడూ ఒక్క పూటలో మూట కట్టుకుని పోయాడట. ఏమయ్యాడో ఎవరికీ తెలియదు. ఇంట్లోవాళ్ళ నోట అతని పేరు మాత్రం ఇంకా వినపడేది. షెడ్డులో అతని చెప్పుల జత అలాగే ఉంది. మేము ముట్టుకోలేదు.

ఆ షెడ్డులోనే పాత గడ్డిబండి ఉండేది. చిన్న ట్రాక్టరు, పొట్ట కింద గడ్డి కోసే కత్తులు. సీటు పక్కనున్న కర్ర లాగితే కింద బెల్టు బిగుసుకుని కత్తులు తిరుగుతాయి. దాన్ని మా ఆయన క్లచ్చు అనేవాడు. ఆ వేసవిలో బెల్టు జారడం మొదలైంది. ఇంజను అరిచేది, గడ్డి ఒత్తుగా తగిలితే కత్తులు ఆగిపోయేవి.

మమ్మల్ని వీసా మీద పిలిపించుకున్న యజమాని, కఫీలు, వచ్చి పెరిగిన గడ్డి చూశాడు. శుక్రవారం ఇంట్లో విందు. "జుమాకు గడ్డి ఇట్లనే ఉంటే ఖురూజ్," అన్నాడు వేలు ఆడిస్తూ. ఇంటికి పంపేస్తానని అర్థం. మేము వచ్చి నాలుగు నెలలే.

మంగళవారం మా ఆయన బెల్టును బిగించే స్ప్రింగు కొనడానికి బజారుకు వెళ్ళాడు. మా నాయన ఊళ్ళో పిండిగిర్ని నడిపేవాడు. తోలుబెల్టు జారితే ఆముదం రాసేవాడు, పట్టు దొరికేది. నేను తలకు పెట్టుకునే ఆముదం తెచ్చి, బండి కిందికి చెయ్యి దూర్చి, బెల్టుకు అందినంత మేర పట్టించాను. బండి బాగయ్యాక చెబుదామనుకున్నాను.

ఆయన వచ్చి కొత్త స్ప్రింగు వేసి కర్ర లాగాడు. కత్తులు ఒక్క చుట్టు కూడా తిరగలేదు.

అది నా చేతి పనేనని తెలిసిపోయింది. నోరు తెరవబోతుంటే ఆయన ఆ చెప్పులవైపు చూశాడు.

"ఆడు ఇడ్సిపెడ్తలేడే."

"ఎవలు?"

"గా యెమెనోడు. నిన్న పగటీలి చెప్పుల చప్పుడైంది. బండి ఆనిది. మనకియ్యడు."

ఆముదం మాట దాచేశాను. నా వల్ల ఖురూజ్ పడిందనిపించుకోవడం కంటే నింద ఆ యెమెనీ మీదికి పోవడమే నయమనిపించింది.

బుధవారం మిట్టమధ్యాహ్నం అన్నం తీసుకెళ్తే ఆయన షెడ్డు బయట ఎండలో కూర్చున్నాడు. సగం అన్నం తీసి, రెండు ఖర్జూరాలతో ఆ చెప్పుల ముందు పెట్టి మొక్కి వచ్చాడు. మా ఊళ్ళో చచ్చినవాళ్ళకు పెట్టినట్టు.

"తియ్యయ్యా అది! మనిషి బతికే ఉన్నడేమో. బెల్టుకు ఆముదం పెట్టింది నేను."

"ఆముదమా?"

"నాయిన గిర్నిల పెట్టెటోడు."

"గది తోలు, ఇది రబ్బరే పిచ్చిదానా! నాతోటి దయ్యానికి మొక్కిపిచ్చినవ్ గదనే!" తిట్టాడు, నవ్వాడు, అన్నం మాత్రం తీయలేకపోయాడు. నేనే తీసి పిట్టలకు వేశాను.

ఇద్దరం కలిసి బెల్టు విప్పి సబ్బునీళ్ళతో కడిగి ఎండలో వేశాం. పెట్రోలు గుడ్డతో పుల్లీలు తుడుస్తుంటే, బెల్టును బిగించే ఇనుప చెయ్యి విరిగినచోట రాగితీగ చుట్టి కనిపించింది. వరస తప్పకుండా, కొన వేలికి గుచ్చుకోకుండా లోపలికి మడిచి ఉంది. "ఆని చేతిపనే," అని మా ఆయన దాన్ని విప్పకుండా వదిలేశాడు.

గురువారం కత్తులు తిరిగాయి. సాయంత్రానికి తోటంతా నున్నగా అయింది. కఫీలు వచ్చి సంతోషంతో మా ఆయన భుజం తట్టి, ఆ యెమెనీ పేరు పెట్టి పిలిచాడు. పొరపాటున అన్నాడో, తోటమాలి ఎవరైనా కఫీలుకు అదే పేరో తెలియదు.

మా ఆయన నావైపు చూశాడు. తర్వాత, "నఅమ్," అని పలికాడు, అరబ్బీలో ఔనని.

మేము అక్కడున్నన్నాళ్ళూ ఆయనను ఆ పేరుతోనే పిలిచారు.