తోకల్లేని ఏనుగులు

కత్తి ముట్టకుండా ఒక్క మధ్యాహ్నంలో ఇరవై నాలుగు ఏనుగుల తోకలు కోసిన మొనగాణ్ని నేను. మీరు నవ్వుకోవచ్చు. మా మేనమామ ముందు మాత్రం ఈ మాట ఎత్తకండి.

నల్గొండ దగ్గరి మా ఊళ్లో మామకు మగ్గం ఉంది. దారానికి అక్కడక్కడా రబ్బరు పట్టీలు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత చీర నేస్తాడు. ఎక్కడ కట్టాలో ముందు గళ్ల కాగితం మీద గీసుకోవాలి. తొమ్మిదో తరగతితోనే బడికి దండం పెట్టిన నేను, ఫోన్లో చూసి ప్రోగ్రాములు నేర్చి, ఆ కాగితం కంప్యూటరే గీసేలా చేశాను.

అంతలో కొత్త కంపైలర్ వచ్చింది. మనం రాసింది కంప్యూటర్‌కు చెప్పే దుబాసీ అన్నమాట. ఇదివరకు మూడు వరుసల్లో రాసే లెక్క, ఇప్పుడు రెండు అంకెల మధ్య రెండు చుక్కలు పెడితే సరి! మురిసిపోయి ప్రోగ్రామంతా తిరగరాశాను. కొత్త రాత ఆఖరి అంకెను లెక్కలోకి తీసుకోదని దాంతో వచ్చిన వివరాల్లో కింద రాసే ఉందట. కిందిదాకా చదివేవాణ్నయితే బడెందుకు మానేస్తాను?

ఏనుగుకు ఇరవై గళ్లు. తోక ఇరవయ్యో గడిలో.

"తోకలేవిరా?" నా కాగితం చూసే దారం కట్టి, ముంచి, నేస్తూ మగ్గం మీంచి మామ కేక.

"కొత్త కంపైలర్ మామా..."

"గా కంపైలరోడు ఎన్నడన్న ఏనుగును సూసిండా? గీ చీర సేటుకు నచ్చకుంటే మగ్గం ఇప్పి అటకెక్కించుడే!"

కొత్తొక వింత, పాతొక రోత అంటారు. నాకు కొత్తొక వాత. సిగ్గుతో అప్పటికప్పుడే ప్రోగ్రాం దిద్దేశాను.

నేత ముగిసిన మర్నాడు, మా చీరలు కొనే సేటు వచ్చాడు. మామ మడత పెట్టబోతుంటే చీర లాక్కున్నాడు.

"అరె, తోకల్లేని ఏనుగులు యాడ జూడలే! అచ్చం గిట్లనే నాలుగు నెయ్యి."

మామ నన్ను కావలించుకున్నంత పనిచేశాడు. "అల్లుడా, గదే కాగితం తియ్యి!"

ఆ సంబరంలో, దిద్దిన సంగతి మరిచి, ప్రోగ్రాంతో మళ్లీ గీయించి ఇచ్చాను. నాలుగు చీరల దారం ఒకేసారి కట్టారు, ముంచారు. మగ్గమెక్కాక చూస్తే ప్రతి ఏనుగుకూ నిగనిగలాడే తోక!

సేటు పెదవి విరిచాడు. "తోకల్లేనివి నేసినంకనే మాట్లాడుదాం."

మామ పెన్సిల్ చెవిలో దోపుకుని, గళ్ల కాగితం తానే పరుచుకున్నాడు.

"తప్పు జేస్తివి, పని దొరికె. దిద్దితివి, ఆగిపాయె. నువ్వేం మనిషివిరా!"

అందుకే మగ్గం మీద చెయ్యేసి ఒట్టేశాను: ఈ జన్మలో నా తప్పును మామనడగకుండా దిద్దను గాక దిద్దను.