తాళం తీసిన మంచినీళ్ల బావి

మొన్న మార్కాపురం బజారులో పాత ఇనుప సామాన్ల కొట్టు ముందు ఎవరో బావి గిలక తిప్పి చూస్తున్నారు. ఆ కిర్రుమనే చప్పుడు చెవిన పడగానే నా కాళ్లు ఆగిపోయాయి. బేరమైనా ఆడకుండా కొనుక్కొచ్చాను. బావి లేని ఇంటికి గిలక ఎందుకని మా ఆవిడ నవ్వింది. కాశయ్య అయ్యవారిని ఆమె చూడలేదు మరి.

తెల్లవాళ్ల పాలన చివరి రోజుల్లో రాచర్ల బడిలో రెండో పంతులుగా నా తొలి ఉద్యోగం. కాశయ్యగారు పెద్ద పంతులు. సాయంత్రం బడి వదలగానే సుబ్బయ్య శెట్టి దుకాణం అరుగు మీద చేరి వాదానికి దిగేవారు, నన్నూ కూర్చోబెట్టుకునేవారు. చుట్టరికం లేకపోయినా వాళ్లిద్దరూ బావా అంటే బావా అనుకునేవారు. స్వరాజ్యం వస్తే అన్నీ చక్కబడతాయని శెట్టి నమ్మకం. దొర మారినంత మాత్రాన తాసీల్దారు బంట్రోతు మారడని అయ్యవారి వాదన. భూమీ నీరూ ఒకరి సొత్తు అయినందుకే వాటి కాపలాకు సర్కారు పుట్టిందనీ, జనాన్ని వదిలేస్తే తమ పనులు తామే చూసుకోగలరనీ ఆయన చెబుతుంటే నాకు ఒళ్లు పులకరించేది. శెట్టి వేరుశనగ బుడ్డలు ఒలుచుకుంటూ వినేవాడు. ఒకనాడు తాపీగా అడిగాడు.

"అన్నీ బాగనే చెప్తావు బావా. మరి నీ దొడ్లో బావికి తాళం ఏంది?"

అరుగంతా నవ్వులు. ఆ చుట్టుపక్కల తియ్యటి నీళ్లున్నది ఆ ఒక్క బావిలోనే, మిగతావన్నీ ఉప్పునీళ్లు. గోడా, తలుపూ, తాళమూ వాళ్ల నాయన కాలం నుంచి ఉన్నవే. వీధివాళ్లు అడిగితే తలుపు తీసేవారు, మాలపల్లెవాళ్లకు అదీ లేదు. మర్నాడు పొద్దున్నే అయ్యవారు ఆ తాళం తెచ్చి దుకాణం దూలానికి తగిలించారు.

"వానలు పడేలోపు నేనొచ్చి దీన్ని అడిగితే నువ్వు గెలిచినట్టు. ఆ పొద్దు నుంచి ఈ మాటలన్నీ కట్టిపెడతా."

మాలపల్లెతో కలిసి తోడబోమని కొందరు పెద్దలు ముఖం చాటేశారు. ఎండలు ముదిరి ఉప్పునీళ్లు కూడా అడుగంటాక ఒక్కొక్కరే వచ్చారు. అప్పుడు మొదలైంది అసలు రభస. ఎవరిదీ కాని బావి కదా, తెగిన చేంతాడు ముడివేసే దిక్కు లేదు, మునిగిన చేద తీసేవాడు లేడు, ఎటు చూసినా బిందెల తోపులాటే. సిద్ధాంతం తాగి బతకమంటాడా ఈయన, అని అయ్యవారి ఇల్లాలు గొణిగేది. మీరే ఒక వరుస పెట్టండని నేను బతిమాలాను. తను చెబితే బావి మళ్లీ తనదైపోతుందని ఆయన కదల్లేదు. దూలానికి వేలాడే తాళం కేసి చూసి ముఖం వాడిపోయి ఇంటికి వెళుతుంటే నాకు ఏడుపొచ్చేది.

ఒక సాయంత్రం మేము అరుగు మీద ఉండగా బావి దగ్గర పెద్ద గొడవైంది. అరిచి అలిసిపోయినవాళ్లంతా అక్కడే కూలబడి ఒక మాటకు వచ్చారట. ముందొచ్చిన బిందె ముందు, అది ఎవరిదైనా సరే. చేంతాడు బాధ్యత వారానికో ఇంటిది. ఈ సంగతి తెలియని అయ్యవారు మర్నాడు బడి నుంచి వచ్చి, అలవాటు కొద్దీ బిందెతో తిన్నగా గిలక దగ్గరికి నడిచారు. మాలపల్లె పోలమ్మ చేంతాడు వదల్లేదు.

"వరస ఆడుంది అయ్యోరా. మీ బిందె కడాన పెట్టండి."

నేను ఆయన వెనకే ఉన్నాను. అయ్యవారు ఒక్క క్షణం నిలబడి, బిందెను చివర పెట్టి, చెప్పులు కూడా మరిచి దుకాణానికి పరుగు తీశారు.

"బావా, నా బావి కాడ నన్నే ఆపినారు. గెలిచినా."

శెట్టి తాళం దించి ఆయన చేతిలో పెట్టి, పగలబడి నవ్వాడు. "గెలిచినావులే. ముందు పోయి నీ బిందె చూసుకో. వరస తప్పితే మళ్లా కడాకే."

ఇప్పటికీ ఆసుపత్రిలోనో బ్యాంకులోనో మీ వంతు ఇంకా రాలేదంటే నాకు కోపం రాదు. చెప్పుల్లేకుండా పరిగెత్తే ఆ పెద్దమనిషి కళ్లముందు మెదిలి నవ్వొస్తుంది. గిలకను వసారాలో వేలాడదీశాను. వీధి పిల్లలు వచ్చి ఒకరి తర్వాత ఒకరు తిప్పుకుని పోతున్నారు. వరుస నేను పెట్టలేదు.