మోరి గాదు, ఒర్రె

మా పక్కింటి టీచరమ్మ ఇక లేరన్న వార్త కాలనీ వాట్సాప్ గ్రూపులో, నాలుగో వీధిలో నీళ్లు నిలిచాయన్న ఫిర్యాదు కిందనే కనబడింది. రెంటికీ చేతులు జోడించిన బొమ్మలే వచ్చిపడ్డాయి. ఏ నమస్కారం నీళ్లకో, ఏది ఆమెకో నాకు తెలియలేదు. బతికి ఉంటే ఆమె మొదట నీళ్ల సంగతే అడిగేవారు.

ఆమె మిషన్ బడిలో భూగోళం చెప్పి రిటైరయ్యారు. నేను తెలుగు చెప్పి. ఆమెది చర్చి, నాది సంధ్యావందనం. మా ఇద్దరి నడుమ ఉన్నది ఒక్క పిట్టగోడ. హవేలిఘనపూర్ వైపు వరిమళ్లు ప్లాట్లయినప్పుడు ఇక్కడ ఇళ్లు కట్టుకున్నాము. ఇళ్ల వెనుక, గుట్టల మీది వాననీటిని చెరువుకు చేర్చే సన్నని ఒర్రె. దాని ఒడ్డున కానుగ చెట్లు, నడుమ నీరు నునుపుచేసిన బండలు. ఎండాకాలమంతా అది ఒట్టి ఇసుకగీత. కనుకనే దానినెవరూ లెక్కలోకి తీసుకోలేదు.

కాలనీ కమిటీ కాగితాలలో దాని పేరు మోరి, అంటే మురుగుకాలువ. ఆమెకు పేచీ అక్కడే. సమావేశంలో ఎవరు ఆ మాట అన్నా, తరగతిలో తప్పు దిద్దినట్లు, "మోరి గాదు నాయనా, ఒర్రె" అనేవారు. అందరూ నవ్వేవారు. పేరేదైతేనేం, రెండిట్లోనూ పోయేవి నీళ్లే కదా అన్నాడొకసారి మా అధ్యక్షుడు.

"మోరంటే చెత్తేస్తరు. ఒర్రంటే జర ఆగి చూస్తరు" అన్నారామె.

శబ్దార్థాల సంబంధాన్ని ఏళ్ల తరబడి బోధించినవాణ్ణి. పేరు మారిస్తే వస్తువు గతి మారుతుందనడానికి అంతకు మించిన ఉదాహరణ నేను చూడలేదు. మోరి అన్నారు గనుక వంటింటి గొట్టాలు అందులోకి తిప్పారు. ఇల్లు కట్టగా మిగిలిన పెళ్లలు, విందుల ఎంగిలి ప్లేట్లు అందులోనే పోశారు. తీరా వానొస్తే, నీళ్లు ఇళ్లలోకి వస్తున్నాయని నీళ్లనే తిట్టారు.

తొలివాన పడితే చాలు, ఆమె గొడుగుతో బయలుదేరేవారు. ఒర్రె దగ్గరకు పోగానే గొడుగు మడిచి, దాని వంకీతో బండల నడుమ చిక్కిన ప్లాస్టిక్ సంచులు లాగేవారు. పూర్తిగా తడిసి తిరిగి వచ్చేవారు. గొడుగున్నది తడవకుండా ఉండడానికి కదా అంటే, అది ఎండకు అనేవారు.

ఒర్రె వైపున్న తన ప్రహరీగోడకు అటొకటి, ఇటొకటి అడుగున కంతలు పెట్టించారు. ఒర్రె పొంగిన నాడు నీళ్లకొక దారి ఉండాలని. పాములొస్తాయని వీధివాళ్లు భయపెట్టారు. "వస్తె వచ్చిన తొవ్వనే పోతయి. మనుషుల లెక్క ప్లాటు గొంటయా?" అన్నారు.

నన్నూ విడిచిపెట్టలేదు. "పంతులుగారు, పొద్దుగాల నీళ్లను తల్లీ అని మొక్కుతరు. గా తల్లిని మీ కమిటోళ్లు మోరి అంటున్నరు, జర చెప్పుండ్రి." మీ గ్రంథంలో ఆ తల్లే లోకాన్ని ముంచింది కదా అన్నాను. "మా దాంట్ల ముందుగాల్నే ఓడ జేసుకున్న పెద్దమనిషి ఉన్నడు. మన కాలనీల ఎవలున్నరు, స్కూటీలు దప్ప?"

ఆమెను సమాధి చేసిన మరునాడు కాలనీ హాలులో సంతాప సభ. అధ్యక్షుడు లేచి ఆమె పేర పార్కు ప్రతిపాదించాడు. స్థలం ఎక్కడ? వెనుక మోరి మీద. స్లాబు వేసి, పైన గడ్డి, బెంచీలు. నేను పద్యం రాసిస్తే శిలాఫలకం మీద చెక్కిస్తారట. సంతాప సభ గనుక చప్పట్లు లేవు గాని, తలలన్నీ ఊగాయి.

నేను లేచి, ఆమె బతికినంత కాలం వద్దన్న పని ఇదేనన్నాను.

"అందుకేగద సారు, ఆమె పేరే పెడ్తున్నం" అన్నాడతడు, ఎంతో ప్రేమగా.

అతడు ఆమె శిష్యుడే. సమాధి దగ్గర నిజంగానే ఏడ్చాడు. నా విసుగుకు మందు లేనిది అక్కడే. దుర్మార్గుణ్ణి నిందించవచ్చు, గురువు మీది భక్తితోనే గురువు మాటను పూడ్చేవాణ్ణి ఏమనాలి?

మరుసటి రోజే ట్రాక్టరు వచ్చి ఒర్రెలో ఎర్రని మొరం మట్టి కుమ్మరించింది. ఫలకం సిద్ధమైతే స్లాబు పని మొదలట. పద్యమైందా అని పూటపూటా ఫోను. పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు అడిగినవారికల్లా నిలబడిన చోటనే పద్యం చెప్పిన నాకు ఇది మాత్రం సాగలేదు. చివరకు ఒక కాగితం మీద, "ఇది మోరి గాదు, ఒర్రె" అని రాసిచ్చాను.

"గిది పద్యమెట్లయితది సారు?"

"ఆమె మాట. స్లాబు పడ్డ నాడు ఇది అబద్ధమవుతుంది. అబద్ధం చెక్కించదలిస్తే చెక్కించు."

అతడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఫోన్లు ఆగాయి. మొరం కుప్ప మాత్రం కదలలేదు.

మొన్న సాయంత్రం గుట్టల మీద వాన కురిసింది. ఒర్రె మొరం దాకా వచ్చి ఆగింది, ఎర్రబడింది, పక్కకు తిరిగింది. తాళం వేసిన ఆమె ఇంటి గోడలోని కంతను వెతుక్కుని లోపలికి వచ్చింది. మెట్టు దగ్గరి ఆమె రబ్బరు చెప్పులను కాస్త కదిపి, పెరడు దాటి, అవతలి కంతలోంచి మళ్లీ ఒర్రెలోకి దిగిపోయింది. పిట్టగోడ మీదుగా చూస్తూ నిలబడ్డాను. వసారాలో కొక్కేనికి ఆమె గొడుగు వేలాడుతోంది. అంత వానలోనూ పొడిగా.