కొట్టెయ్యని జవాబు

రాజేశ్వరి గారికి మోకాళ్ళ నొప్పులు పట్టుకుని నాలుగేళ్ళయింది. అయినా పామర్రులో బస్సు దిగాక ఆటో ఎక్కమంటే ఎక్కేవారు కాదు. "నడిచి వెళ్తే ఏ ఇల్లు ఎలా ఉందో తెలుస్తుందండీ, ఆటోలో దుమ్ము తప్ప ఏం కనపడుద్ది?" అనేవారు. యాభై మూడేళ్ళ మనిషి. భుజాన సంచీ, అందులో బరువు తూచే మిషను, టేపు, పిల్లల చేత పేర్పించే రంగు చెక్కముక్కలు. పద్దెనిమిదేళ్ళుగా ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఆవిడ పేరు కొలతల మేడం. అసలు పేరు సగం మందికి తెలియదు.

ఆవిడ పుట్టింది పెడనలో, మగ్గాల ఇంట్లో. పోగు తెగితే దాన్ని అతికితే గానీ చెయ్యి ముందుకు కదలని ఇల్లది. ఆ పద్ధతే ఆవిడ ఉద్యోగంలోకీ వచ్చింది. మూడు వందల మంది పిల్లల్ని పుట్టిన దగ్గర్నుంచి పద్దెనిమిదేళ్ళు నిండేదాకా గమనించే పని ఒక సంస్థ పెట్టుకుంది. తిండి, ఇల్లు, పెద్దవాళ్ళ మాటలు పిల్లల్ని ఎలా మలుస్తాయో తేల్చాలట. ఆరు నెలలకీ, మూడేళ్ళకీ, ఐదేళ్ళకీ, అలా వయసుకొకసారి వెళ్ళి కొలిచేది రాజేశ్వరి గారు. విజయవాడ వన్ టౌన్‌లో ఉల్లిపాయల గోడౌన్ మీద ఉన్న ఆఫీసులో కూర్చుని వాటిని కంప్యూటర్లోకి ఎక్కించేది నేను.

మా సంస్థకి ఒకటే మంత్రం. కొలవాలి, మార్చకూడదు. చెప్పడానికి ఎంత బాగుందో! ఎనిమిదేళ్ళ పిల్లాడు పొద్దుటి నుంచి ఏమీ తినకుండా వచ్చి మిషను మీద నిలబడితే ఆవిడ తూచి, అంకె రాసి, ఆ తర్వాత సంచీలోంచి బిస్కట్లు తీసి పెట్టేవారు. పెట్టినట్టు కాగితం మీద రాసేవారు కూడా. రాసినందుకు పైవాళ్ళతో చీవాట్లు తినేవారు.

ఇంకో పరీక్ష ఉండేది. తల్లి గదిలోంచి బయటికి వెళ్ళాలి, బిడ్డ ఒంటరిగా ఉండాలి, ఏడుస్తుందో లేదో చూడాలి. మన పల్లెల్లో బిడ్డని ఒంటరిగా ఎవరు వదులుతారు? తల్లి గడప దాటగానే నాయనమ్మ, పెద్దమ్మ, పక్కింటావిడ లోపలికొచ్చి తలొక ఒడీ చూపించేవారు. బిడ్డ హాయిగా ఆడుకునేది. పైనున్న ప్రొఫెసరు గారు మాత్రం ఇక్కడి పిల్లలకి తల్లి మీద మమకారం తక్కువని తేల్చారు. ఆ నివేదిక చదివి రాజేశ్వరి గారు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

అన్నిటికంటే ఆవిడని వేధించింది అంగీకార పత్రం, కొలిచే ముందు తల్లిదండ్రులు సంతకం పెట్టేది. క్రైస్తవ పేటలో ఆ కాగితం గంభీరంగా చదవడం మొదలెట్టగానే ఆడవాళ్ళు కొంగు తల మీద కప్పుకుని కళ్ళు మూసుకునేవారు. చదవడం అయ్యాక ఆమెన్ అనేవారు. "మీకు ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చు అని చదివితే ఆమెన్ అంటే, అర్థమైందని రాయమంటారా జయకృష్ణ గారూ, కాలేదని రాయమంటారా?" అని నన్ను అడిగారొకసారి. నేను నవ్వేశాను. నవ్వాల్సిన మాట కాదది.

నిరుడు పిల్లలకి పద్దెనిమిదేళ్ళు నిండాయి. ఇక తల్లిదండ్రుల సంతకం చెల్లదు, ఎవరికి వాళ్ళే పెట్టాలి. పక్కన సాక్షి ఉండాలి. మనుషుల్ని తీసేసి తీసేసి ఆఫీసులో నేనే మిగిలాను కాబట్టి సాక్షిగా నన్ను పంపారు. ఏప్రిల్ ఎండ, కోసేసిన చేలు, ముందు ఆవిడ, వెనక నేను.

ఆ రోజు వెళ్ళాల్సింది దీవెన ఇంటికి. ఆ పిల్లకి ఐదేళ్ళప్పుడు తల్లి జీవరత్నం కామెర్లతో పోయింది. నాయనమ్మ సంపూర్ణమ్మ పెంచింది. ఫైలు మీద నంబరు చూడగానే గుర్తుపట్టాను. నూట పద్దెనిమిది. నంబర్లు గుర్తుండిపోవడం నాకున్న జబ్బు. బిడ్డ ఆరు నెలలప్పుడు తల్లుల్ని అడిగే ముప్పై ఏడో ప్రశ్న, "ఈ బిడ్డ పుట్టాలని కోరుకున్నారా?" అని. మూడు వందల మందిలో తొమ్మండుగురే లేదన్నారు. అందులో నూట పద్దెనిమిది ఒకటి.

ఆ జవాబు రాసుకునే ముందు ప్రతి తల్లికీ రాజేశ్వరి గారు మాటిచ్చేవారు. "మీరు చెప్పింది మీ అత్తగారికి చెప్పను, మీ ఆయనకి చెప్పను, రేపు ఈ బిడ్డ పెద్దయి అడిగినా చెప్పను."

ఆ మాట ఆవిడ వారం ముందే తప్పారు. అదే వీధిలో ఎలీషా అనే కుర్రాడికీ తల్లి లేదు. సంతకం పెడుతూ అమ్మని తలుచుకుని ఏడ్చాడు. "మీ అమ్మ ఎన్ని ప్రార్థనలు చేస్తే పుట్టావో నాకు చెప్పిందిరా" అన్నారీవిడ. వాడి మొహం వెలిగిపోయింది. పక్కనే ఉన్న నాకూ కళ్ళు చెమర్చాయి. తప్పు జరిగిందని ఇద్దరికీ తెలుసు. బస్సులో ఇద్దరం ఆ సంగతి ఎత్తలేదు.

దీవెన విజయవాడలో నర్సింగు చదువుతోంది, ఈ సంతకం కోసం సెలవు పెట్టి వచ్చింది. మమ్మల్ని ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివింది. అలా చదివిన మనిషిని అన్నేళ్ళలో రాజేశ్వరి గారు చూడటం అదే మొదటిసారట.

"ఆంటీ, అమ్మ నా గురించి ఏం చెప్పిందండీ?"

"అది చెప్పకూడదమ్మా. మీ అమ్మకి మాటిచ్చాను."

"ఎలీషా అన్నకి చెప్పారంటగా?"

రాజేశ్వరి గారు మజ్జిగ గ్లాసు కింద పెట్టారు.

"మంచిదైతే చెప్తారు, కాకపోతే మాటిచ్చానంటారు. అంతేనా అండీ?" గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. "నేను కడుపున పడ్డప్పుడు అమ్మ ఏడ్చిందని నాయనమ్మ అంటానే ఉంటది. ఉత్తిదే అనుకుందామని మిమ్మల్ని అడుగుతున్నా."

ఒక్క అబద్ధం చెప్పండి మహాతల్లీ అని నేను లోపల మొత్తుకున్నాను. ఆవిడ చెప్పలేదు. పద్దెనిమిదేళ్ళు ఉన్నదే రాసిన చెయ్యి, నోరు కూడా అలాగే తయారైంది. దీవెన కాగితం మడిచి పక్కన పెట్టింది. "అర్థమైంది లెండి" అంది.

"నీకేం అర్థం కాలేదు" అన్నారు రాజేశ్వరి గారు. ఆవిడ గొంతు అంత గట్టిగా వినడం నాకు కొత్త. "నీకు మూడేళ్ళప్పుడు నేను పని ముగించుకుని వెళ్ళిపోతుంటే మీ అమ్మ నా వెనకాలే కాలవ గట్టు దాకా వచ్చింది. ముందు చెప్పిన జవాబు ఒకటుంది మేడం గారూ, అది కొట్టెయ్యండి అంది. కుదరదన్నాను. ఏ వయసులో చెప్పింది ఆ వయసుదే, మార్చడం రూలు కాదన్నాను. ఎండలో నిలబెట్టి రూలు చెప్పానమ్మా. కొట్టెయ్యమని అడిగే హక్కు ఆవిడకి ఉంది. ఈ కాగితంలోనే రాసుంది. చదివి వినిపించిందీ నేనే. నాకే ఎక్కలేదు. తలొంచుకుని వెళ్ళిపోయింది. రెండేళ్ళకి నేను మళ్ళీ వచ్చేసరికి మీ అమ్మ లేదు."

దీవెన కుర్చీ ముందుకి జరుపుకుంది.

"అప్పుడు నేనెక్కడున్నానండీ?"

"మీ అమ్మ చంకలో. దింపి మాట్లాడమ్మా అన్నాను. దింపలేదు."

దీవెన మొహం చున్నీతో కప్పుకుంది. రాజేశ్వరి గారు దగ్గరికి వెళ్ళలేదు. వెళ్ళే అర్హత లేదనుకున్నారో, మోకాళ్ళు సహకరించలేదో. కాసేపటికి ఆ పిల్ల కాగితం తీసుకుని సంతకం చేసి, కింద రాసింది, మా అమ్మ కొట్టెయ్యమన్న జవాబు కొట్టెయ్యండి, మిగతావి ఉంచుకోండి అని.

మర్నాడు రాజేశ్వరి గారు తన మీద తనే ఫిర్యాదు రాసుకున్నారు. ఎలీషాతో అన్న మాట, దీవెనతో అన్న మాట, పదిహేనేళ్ళ కిందట జీవరత్నానికి కాదన్న సంగతి, ఏదీ దాచలేదు. రాయొద్దని బతిమాలాను, ఆవిడ వినలేదు. సంస్థలో తప్పొప్పులు చూసే కమిటీ ఆ ఫిర్యాదునే సాక్ష్యంగా తీసుకుని జీవరత్నం జవాబు తీసెయ్యమంది, ఆవిడ కాంట్రాక్టు మాత్రం పొడిగించలేదు. నాకు కమిటీ మీద కోపం రావాలి. రాలేదు. ఎవరి మీదా కోపం తెచ్చుకునే ఓపిక లేకపోయింది. నూట పద్దెనిమిదో వరసలో ఆ గడి నేనే ఖాళీ చేశాను.

ఆ సంగతి చెబుదామని దీవెనకి ఫోన్ చేశాను. థాంక్సండీ అంది. పెట్టెయ్యబోతుంటే ఆపింది.

"మూడేళ్ళప్పుడు ఆ రోజు నన్ను తూచారు కదండీ. ఎంత ఉన్నానో చెప్తారా?"

అది తన సొంత లెక్క, చెప్పకూడదన్న రూలు ఎక్కడా లేదు. చూసి చెప్పాను. పన్నెండు కిలోల మూడు వందల గ్రాములు.

ఆ అంకె ఒకసారి పైకే అనుకుంది.

"మా ఇంటికీ కాలవ గట్టుకీ చాలా దూరమండీ" అంది.