ఎస్టిల్ వంతు

మా కెంటకీ కొండల్లో హోబార్ట్ మాండలిన్ కొడుతుంటే ఆగిపోయిన గడియారాలు కూడా సిగ్గుపడి నడిచేవి. నమ్మకపోతే మీ ఖర్మ. బ్లూగ్రాస్ అనే మా కొండపాటలకు డప్పు ఉండదు. మాండలిన్ మీద నాలుగు వేళ్లూ బారజాపి జి కార్డు అనే స్వరాల గుత్తి పట్టి, కొట్టీ కొట్టగానే వేళ్లు సడలించి మోతను అక్కడికక్కడే చంపెయ్యాలి. ఆ "టక్కు"మనే దెబ్బే అందరికీ తాళం.

హోబార్ట్ అన్న ఎస్టిల్ తన తంతివాద్యం బాంజో పట్టాడంటే తోక తొక్కిన పిల్లిలా పరుగెత్తేవాడు. "రైలేమన్నా తప్పిపోతోందా అన్నా?" అని తిడుతూ హోబార్ట్ బతుకంతా అతణ్ణి తాళంలోకి లాగాడు.

గనిలో మింగిన బొగ్గు దుమ్ము చివరికి ఎస్టిల్‌ని మింగేసింది. పాతిపెట్టి వచ్చాక చర్చి వసారాలో అందరూ గుండ్రంగా నిలబడి వాయించారు. ఒక్కో చరణం ఒక్కొక్కరు ముందుండి వాయించాలి, ఎవరి వంతు వాళ్లది. పోయినవాడి వంతు వచ్చినప్పుడు మాత్రం అన్నీ ఆగి, మాండలిన్ తాళం ఒక్కటే నడవాలి. ఆ చరణాన్ని నిలకడగా దాటించాలి, అన్నకు తాను చేయగలిగింది ఇక అదొక్కటే అనుకున్నాడు హోబార్ట్.

సగం దాకా బాగానే నడిచింది. ఆపైన చెయ్యి మాట వినలేదు. వెనక్కి లాగుదామంటే ముందు ఉరికే అన్న లేడు మరి. తాళమే పరుగందుకుంది.

"ఒరే, జారిపోతోందిరా!" అని గొణిగాడు ఫిడేలు వాయించే క్లెటస్.

"పోనివ్వయ్యా. ఆయనుంటే ఇలాగే ఉరికేవాడు," అంది వదిన ఓపల్.

హోబార్ట్ ఏడుస్తూ ఇంకా జోరుగా కొట్టాడు. చరణం అయిపోయింది. తరవాతి వంతు ఎవరూ అందుకోలేదు.