పెన్సిల్‌తో గీసిన సున్నా

రాయగడ రైల్వే ఆఫీసులో పెన్సిల్ చెక్కినప్పుడల్లా ఆ చెక్కపొట్టు వాసనకి వసుంధర మేడమ్ గుర్తొస్తారు. ఆడవాళ్లు మల్లెపూలకి గుర్తురావడం రివాజు. కానీ ఆవిడ జడముడిలో పువ్వు నేనెన్నడూ చూడలేదు. ముల్లులా చెక్కిన పెన్సిల్ ఉండేది.

ఏ జనంలో ఎవరు ఎవర్ని ఏ వరసతో పిలుస్తారో, ఎవరు ఎవర్ని పెళ్లాడొచ్చో రాసుకోవడానికి డెబ్బైల్లో ఆవిడ విశాఖపట్నం నుంచి వచ్చారు. నేనప్పుడు బీయే పాసై, నాన్న క్వార్టర్లో భోజనానికి మాత్రం టైముకి హాజరవుతున్నాను. సంతలో కొండజనం దగ్గర నేర్చుకున్న దేసియా భాష ఉందని నన్ను దుబాసీగా పెట్టుకున్నారు. “వరసల కోసం ఇంత చదువేటి మేడమ్? మా పెళ్లిళ్లలో బంతిలో కూకుంటే అన్నీ తెలిసిపోతాయి” అన్నాను మొదటిరోజే. “అక్కడ తెలిసేది ఎవరు అలిగారన్నదేనయ్యా” అన్నారు.

ఆవిడ గీసే చుట్టరికాల పటాల్లో మగవాడు త్రికోణం, ఆడది సున్నా, పోయినవాళ్ల మీద అడ్డగీత. అందర్నీ సిరాతో వేసేవారు. పేరు దొరకనివాళ్లని మాత్రం పెన్సిల్‌తో. రామనగుడ దగ్గర ఒక ముసలాయన తన పిల్లల్ని వేళ్లమీద చెప్పి చెయ్యి దులుపుకున్నాడు. మేడమ్ కదల్లేదు. “ఇంకెవరైనా ఉన్నారా అని అడుగు” అన్నారు. అడిగాను. ఆయన ఇంకో వేలు మడిచి, నడక రాకముందే పోయిన కూతురి పేరు చెప్పాడు. మేడమ్ ఆ పేరు సిరాతో రాసి, ఆయనకి చూపించారు. చదువురాని ఆ మనిషి దాన్ని వేలితో తడిమాడు. తిరుగుదారిలో నేను ఊరుకోవచ్చు కదా! “పోయినోళ్లు కూడా లెక్కేనా మేడమ్? వాళ్లు ఓటైనా వెయ్యరు.” “ఓటుకి పనికిరారు. చుట్టరికానికి పనికొస్తారు” అన్నారు.

ఒక వానరోజు బస్సు రాక టీకొట్లో చిక్కుకున్నాం. కాలక్షేపానికి మా ఇంటి పటం వేస్తానన్నారు. అమ్మమ్మకి ఇద్దరు కూతుళ్లని చెప్పాను, పెద్దమ్మ, అమ్మ.

“మీ అమ్మని అమ్మమ్మ ఏమని పిలుస్తుంది?”

“నడిపీ అని.”

పెన్సిల్ ఆగిపోయింది. “ఇద్దరిలో నడిపిది ఎలా అవుతుందయ్యా? ఇంకెవరైనా ఉన్నారా?”

పుట్టినప్పట్నుంచీ విన్న పిలుపది. ఒక్కనాడూ లెక్క చూడలేదు. మేడమ్ మా అమ్మ పక్కన పెన్సిల్‌తో ఒక సున్నా గీసి, కాగితం నా చేతికిచ్చారు. “దీనిమీద అడ్డగీత గియ్యాలో వద్దో నాకు తెలీదు. కనుక్కో.”

అమ్మ చేపలు తోముతోంది. “నీ తరవాత ఎవులే?” అన్నాను. చెయ్యి ఆగింది.

“నీకెవుడు సెప్పేడు?”

“అమ్మమ్మే. రోజూ సెప్తంది, మనమే ఇన్లేదు.”

అమ్మ చేపల చెయ్యి కడుక్కుంది. “పైడమ్మ. గుడారి ఊర్లో బడిపంతుల్ని సేసుకుంది, దేసియా మడిసిని. దాని పేరెత్తితే తన శవాన్ని సూసినట్టేనని మీ అమ్మమ్మ ఒట్టెయ్యించుకుంది. బతికున్న పిల్లకి నీళ్లొదిలీసేం రా.” ఇరవయ్యేళ్లుగా అమ్మ సంతలో గుడారి మనుషులు కనబడితే చాలు, పంతులు పెళ్లాం ఎలాగుందని అడుగుతుందట. నాకు తెలిసి అమ్మ బేరమాడకుండా కూర కొనేది గుడారి వాళ్ల దగ్గరే. ఆ రహస్యం ఆరోజు అర్థమైంది.

“అమ్మమ్మ సచ్చిపోతే?” అంది అమ్మ, గుడారి బస్సెక్కేముందు. “ఎనబైయ్యేళ్లకి దేనికైనా పోవచ్చే. ఆ నింద నామీదెయ్యి” అన్నాను.

గుడారిలో తలుపు తీసినామె అచ్చం అమ్మ ముఖమే. కొంచెం నల్లబడింది, అంతే. ఒకరినొకరు పట్టుకుని భోరుమంటారని నేను గుమ్మం పక్కకి తప్పుకున్నాను. పిన్ని మాత్రం, “వొచ్చేవా నడిపప్పా. ఇంత సిక్కిపోయేవేటి?” అని లోపలికెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చింది. అమ్మ ఆ చెంబు పట్టుకుని, తాగకుండా, అలాగే నిలబడిపోయింది.

అమ్మమ్మ ఒట్టుకి చావలేదు. సంగతి తెలిసి రెండ్రోజులు మాట్లాడలేదు. మూడోరోజు, “నడిపీ, దానికి పిల్లలెందరే?” అంది.

కాగితం వెనక్కిస్తే మేడమ్ సిరాకలం నాకే అందించారు. పైడమ్మ అని రాశాను. అడ్డగీత గియ్యలేదు.

ఇప్పుడు నేను రైల్వే పాసులకి కుటుంబ సభ్యుల పేర్లు రాసుకునే గుమస్తాని. రూలు ప్రకారం ఒకసారి అడిగితే చాలు. నేను రెండోసారి కూడా అడుగుతాను. “సెప్పేను కదా బాబూ” అని విసుక్కుంటారు. నేను తలెత్తకుండా పెన్సిల్ చెక్కుకుంటూ కూర్చుంటాను. అది పూర్తయ్యేలోపు కొందరికి ఎవరో ఒకరు గుర్తొస్తారు.